అమ్మ చెయ్యి కమిలినప్పుడు నేనేం చేశానంటే

పోయిన నెలలో ఓ రాత్రి అమ్మ బాత్రూమ్‌కని లేచి, చీకట్లో తలుపు గడియకి ముంజేయి కొట్టుకుంది. "ఏం కాలేదులే" అని పడుకుంది. తెల్లారి చూస్తే మోచేతి కింద అరచెయ్యంత మేర నేరేడుపండు రంగులో కమిలిపోయింది. నాకు టెన్షన్ పట్టుకుంది. గుండెకి స్టెంట్ వేసినప్పటి నుంచి అమ్మ రోజూ ఆస్పిరిన్ 75 వేసుకుంటుంది. ఆ మాత్ర వాడేవాళ్ళకి చిన్న దెబ్బకే ఎక్కువ కములుతుంది.

"ఉప్పు మూట వేడిచేసి కాపడం పెట్టవే" అంది అమ్మ. పక్కింటి పిన్నిగారు బామ్ తెచ్చి రుద్దబోయారు. ఇద్దరినీ ఆపాను. చర్మం కింద సన్నటి రక్తనాళాలు చిట్లి, అందులోంచి ఊరిన రక్తమే ఆ రంగు. అప్పుడే వేడి పెట్టినా, రుద్దినా ఇంకా ఊరుతుంది. ఐస్ ముక్కలు పాత పంచె గుడ్డలో చుట్టి, 15 నిమిషాలు ఉంచి తీసేదాన్ని. మళ్ళీ రెండు గంటలకి. వట్టి ఐస్ పెట్టలేదు, అమ్మ చర్మం ఉల్లిపొరలా ఉంటుంది. చేతి కింద రెండు దిండ్లు పెట్టి ఎత్తుగా ఉంచాను. బాల్‌పెన్నుతో మచ్చ అంచు వెంట గీత గీశాను.

డాక్టర్‌గారికి ఫోన్ చేస్తే, ఆస్పిరిన్ మా అంతట మేం ఆపొద్దన్నారు. నొప్పికి పారాసిటమాల్ చాలు, ఐబుప్రోఫెన్ వద్దన్నారు. వాపు పెరిగి చెయ్యి బిగుసుకున్నా, వేళ్ళు తిమ్మిరెక్కినా వెంటనే తీసుకురమ్మన్నారు. అదే తలకి తగిలి ఉంటే, పైకి ఏమీ కనిపించకపోయినా ఆసుపత్రికి రావాల్సిందేనట.

మూడో రోజు నుంచి అమ్మ కోరుకున్న కాపడమే, కాకపోతే గోరువెచ్చటి నీళ్ళలో పిండిన తువ్వాలుతో.

అయిదో రోజు మళ్ళీ గుండె జారింది. మచ్చ గీత దాటి మణికట్టు దాకా దిగింది! నొప్పి లేదు, వాపు లేదు. ఫొటో పంపితే, ఊరిన రక్తం బరువుకి కిందికి దిగుతుందనీ, భయం లేదనీ చెప్పారు. తర్వాత అంచులు ఆకుపచ్చగా, ఆపైన పసుపుగా మారాయి. రక్తంలోని హిమోగ్లోబిన్ విరిగి ముందు బిలివర్డిన్, తర్వాత బిలిరుబిన్ అవుతుంది. కామెర్లలో కళ్ళకి వచ్చే పసుపు కూడా ఈ బిలిరుబిన్‌దే. పదహారో రోజుకి టీ మరకంత మిగిలింది.

దెబ్బ తగలకుండానే కొత్త మచ్చలు వచ్చినా, చిగుళ్ళ నుంచి రక్తం కారినా రక్తపరీక్ష చేయించాలన్నారు డాక్టర్‌గారు. అందుకే అన్నాళ్ళూ స్నానం చేయించేటప్పుడు అమ్మ వీపు, పిక్కలు వెతికి వెతికి చూసేదాన్ని. ఒక్కటీ కనబడలేదు.