డ్యూరర్ బొమ్మకు నేను పెట్టిన నల్ల చదరం

బెర్లిన్‌లో పదకొండేళ్లుగా ప్రింట్‌మేకింగ్ (రేకుల మీద, చెక్కల మీద బొమ్మ చెక్కి కాగితం మీద అచ్చు తీసే పని) చేసుకుంటూ బతుకుతున్న నేను, మన ప్రాంతంలోని ఒక చిత్రకళా కళాశాల విద్యార్థులకు జర్మన్ చిత్రకళపై నాలుగు ప్రసంగాలు చేసి నిన్ననే తిరిగి వచ్చాను. కళాశాలకు రాసిన ఉత్తరానికి వారంలోనే ఒప్పుకోలు వచ్చింది. బొమ్మల హక్కులూ పెద్దగా వేధించలేదు. జర్మనీలో కళాకారుడు పోయిన 70 ఏళ్లకు హక్కులు ముగుస్తాయి కనుక, పోయి అంతకన్నా ఎక్కువ కాలమే అయిన జర్మన్ కళాకారులు కిర్ష్‌నర్, కెథె కోల్విట్స్‌ల బొమ్మలు తీసుకొని, 1986లో పోయిన యోసెఫ్ బాయ్స్‌ను వదులుకున్నాను.

అసలు కథ పరిపాలనాధికారి గారి గది దగ్గర మొదలైంది. చూపబోయే 62 స్లైడ్లనూ కాగితం మీద అచ్చు తీసి ఫైలుకు జతపరచమన్నారు. జతపరచి మూడు రోజులు వరండాలో బల్ల మీద కూర్చున్నాను. మూడో రోజు సాయంత్రం పిలిచి, జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1504లో రాగిరేకు మీద చెక్కిన ఆదాము, హవ్వల బొమ్మ చుట్టూ గీసిన ఎర్రసిరా సున్నా చూపించారు.

"ఇది పిల్లలకు చూపిస్తారా? రేపు ఎవరైనా కంప్లయింట్ ఇస్తే సంతకం నాది కదండీ."

"ఆకులు డ్యూరరే అడ్డం పెట్టాడండీ," అన్నాను.

"ఆకులు సరిపోవండీ."

ఆయన గది బయటే, విద్యార్థులు ఏళ్ల తరబడి చూసి గీస్తున్న ప్లాస్టర్ వీనస్ దేవత నగ్న విగ్రహం నిలబడి ఉంది. రోజూ ఆమె పక్కనుంచే ఆయన లోపలికి వెళ్తారు. విచిత్రమేమిటంటే, కోల్విట్స్ 1921–22లో చెక్కిన 'యుద్ధం' ఉడ్‌కట్లలో (చెక్క మీద చెక్కి అచ్చు తీసిన బొమ్మల్లో), పసిబిడ్డను రెండు చేతులా పైకెత్తి అర్పిస్తున్న తల్లి ఒంటి మీదా బట్టలు లేవు. జిరాక్సులో అది సిరా మరకలా పడడంతో ఆయన కంటికి ఆనలేదు. జర్మనీ కార్యాలయాలూ తక్కువేమీ తినలేదు గానీ, వాళ్లు కాగితం లేదని తిప్పుతారే తప్ప ఉన్న బొమ్మకు చీర కట్టమనరు.

ఎవరికీ తలొగ్గనని పదిమందిలో చెప్పుకునే నేను, ఆ రాత్రి కంప్యూటర్ ముందు కూర్చొని ఆదాము, హవ్వల నడుముల మీద నల్ల చదరాలు పెట్టాను.

మొదటి ప్రసంగంలో చెట్టుకొమ్మకు వేలాడే పలక మీద డ్యూరర్ చెక్కుకున్న తన పేరునూ, పాదాల ముందున్న పిల్లినీ ఎలుకనూ చూపించి ఉత్సాహంగా మాట్లాడుతుండగా, ప్రింట్‌మేకింగ్ చదివే ఒకమ్మాయి లేచింది. "సార్, ఆ నల్ల చదరాలు ఆయనే చెక్కాడా, తర్వాత తీసిన అచ్చుల్లో వచ్చాయా?" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. "నేనే పెట్టానమ్మా," అనడానికి నాకు చాలాసేపు పట్టింది.

మూడో రోజు 1937 జూలై 19న మ్యూనిక్‌లో నాజీలు తెరిచిన 'దిగజారిన కళ' ప్రదర్శన గురించి చెప్పాలి. 32 మ్యూజియంల నుంచి లాక్కొచ్చిన సుమారు 650 కళాఖండాలను ఇరుకు గదుల్లో కుక్కి, గోడల మీద వెక్కిరింపులు రాశారనీ, కిర్ష్‌నర్‌వి 600కు పైగా స్వాధీనం చేసుకున్నారనీ, మరుసటి ఏడాది అతను తుపాకీతో కాల్చుకొని చనిపోయాడనీ చెబుతూ, ఏ బొమ్మ ఎవరు చూడాలో అధికారులు నిర్ణయించారన్న వాక్యం దగ్గర నా గొంతు ఆగిపోయింది. ఆ అమ్మాయి రెండో వరుసలోనే ఉంది. ప్రసంగం ఆపి, మొదటి రోజు ఫైలు తెరిచి, అందరి ముందూ ఆ చదరాలు తొలగించాను.

ఇలాంటి ప్రసంగాలకు వెళ్లేవారు కార్యాలయానికి బొమ్మలు ఇవ్వకండి. పేర్లు, సంవత్సరాలు మాత్రమే టైపు చేసి, విభాగాధిపతి సంతకంతో పంపండి. అసలు ప్రింటు ఒక్కటైనా వెంట తీసుకెళ్లండి; జానెడు బొమ్మను గోడంత చేసి చూపే ప్రొజెక్టర్ గీత మందాన్ని దాచేస్తుంది.

చదరాలు తీసేశాక వెనక వరుసల వాళ్లు కూడా తెర దగ్గరికి వచ్చారు. ఆ అమ్మాయి వేలితో చూపిస్తూ, "ఆకులు ముందే ఉన్నాయి కదా సార్," అంది.

నా గౌరవ వేతనం కాగితం ప్రస్తుతం ఆ అధికారి గారి బల్ల మీదే సంతకానికి ఉందట.