అన్నీ లవ్లీ లెసన్లే

ఇంగ్లండ్‌లో మా ట్రైనీ టీచర్లు ఒకరి క్లాసు ఒకరు చూసి ఫీడ్‌బ్యాక్ రాసుకోవాలి. మొన్న ఒకమ్మాయి రాసిన కాగితం చూసి "ఇందులో ఏమీ లేదమ్మా, పిల్లలు ఏం చేశారో రాయి" అన్నాను. సాయంత్రం కోర్సు లీడర్ పక్కకి పిలిచి, మీరు కాస్త కటువుగా ఉంటున్నారు, ఇక్కడ అలా మాట్లాడరు అని నవ్వుతూనే చెప్పింది. ఆ నవ్వుకే నాకు ఒళ్ళు మండింది.

ఇంతకీ ఆ కాగితంలో ఉన్నది, లవ్లీ లెసన్, పిల్లలతో భలే కలిసిపోయావు అని. ఇక్కడ బళ్ళలో చిన్నపిల్లలకి "టూ స్టార్స్ అండ్ ఎ విష్" అని నేర్పుతారు, రెండు మెచ్చుకోళ్ళు, ఒక సూచన. మా పెద్దపిల్లలూ అదే పట్టుకున్నారు, కాకపోతే ఆ సూచన మెత్తబడి మెత్తబడి చివరికి కనిపించకుండా పోతుంది.

మన బీఈడీలో మాత్రం ఏం ఉద్ధరించాం అంటారా? మైక్రో టీచింగ్, అంటే తోటి ట్రైనీలనే పిల్లల్లా కూర్చోబెట్టి చిన్న పాఠం చెప్పడం, చేసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, 6 నిమిషాలు పాఠం, 6 ఫీడ్‌బ్యాక్, 12 మళ్ళీ ప్లాను, ఇంకో 6 పాఠం, ఇంకో 6 ఫీడ్‌బ్యాక్, మొత్తం 36. పద్ధతి బంగారం. కాకపోతే అబ్జర్వర్లుగా కూర్చున్న మనం రేటింగ్ స్కేలు మీద నువ్వు నాకు మంచి మార్కు వెయ్యి, నేను నీకు వేస్తా అని టిక్కులు పెట్టేవాళ్ళం. కానీ హాస్టల్‌కి వెళ్ళాక "ఏమే, ప్రశ్న నువ్వే అడిగి జవాబూ నువ్వే చెప్పేశావు కదే" అని ఎవరో ఒకరు మొహం మీదే అనేవాళ్ళు. ఆ ముక్కే మర్నాటికి పనికొచ్చేది. ఇక్కడ అదీ లేదు. లేదా వీళ్ళూ పబ్బులో చెప్పుకుంటారేమో, నన్ను పిలవరు కాబట్టి తెలీదు.

కటువుగా ఉండమని కాదు నా గోల. మంచి పని ఎలా ఉంటుందో తెలియాలి, మన పని దానికి ఎంత దూరంలో ఉందో పోల్చుకోగలగాలి, ఆ దూరం తగ్గించుకోవాలి అని ఆస్ట్రేలియా విద్యావేత్త రాయిస్ శాడ్లర్ 1989లోనే రాశాడు. తోటివాళ్ళ పాఠం చూసి రాయడంలో ఎక్కువ లాభం రాసేవాళ్ళదే. లవ్లీ అని రాసేసి లేచిపోతే ఆ పోల్చుకోవడం ఎప్పుడు అలవాటవుతుంది?

అందుకని ఇప్పుడు ముందు అందరికీ ఒకే వీడియో వేస్తున్నాను. టీచర్ ఏమంది, పిల్లలు ఏం చేశారు, ఈ రెండే రాయాలి, బాగుంది బాగాలేదు అనకూడదు, మార్కులు అసలు వద్దు. "వెనకాల ఇద్దరు చివరిదాకా పెన్ను పట్టుకోలేదు" అని రాస్తే అందులో కటువేముంది చెప్పండి?

ఒకటి మాత్రం వీళ్ళ దగ్గర నచ్చింది. కొందరు క్లాసుకి ముందే, ఇవాళ నేను ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నానో అదొక్కటే చూసిపెట్టు అని పక్కవాళ్ళని అడుగుతున్నారు. మా బీఈడీ బ్యాచ్‌లో అలా అడిగినవాళ్ళు ఒక్కరూ గుర్తు రావడం లేదు.