'రిలీఫ్' అన్న మాటని తెలుగు చేయడం: నా అనుభవం

వరద జాగ్రత్తల మీద ఇంగ్లీషులో ఉన్న కాగితాలని గోదావరి పాయల మధ్య ఉండే లంక గ్రామాల వాళ్లు చదువుకునేలా తెలుగు చేస్తున్నప్పుడు నన్ను ఎక్కువసార్లు ఆపేసిన మాట 'రిలీఫ్'. నిఘంటువు తెరిస్తే ముందు కనిపించేది 'ఉపశమనం'. నొప్పికీ దగ్గుకీ అది చక్కగా సరిపోతుంది. అదే మాట అంతటా పెట్టుకుంటూ పోయాను. 'ఉపశమన శిబిరం', 'ఉపశమన పడవ' తయారయ్యాయి. కోనసీమలో ఆ మాటలు ఎవరికి అర్థమవుతాయి?

మళ్లీ మొదటికొచ్చి, ఆ మాట వచ్చిన ప్రతి వాక్యం పక్కనా రెండు ప్రశ్నలు రాసుకున్నాను: ఇక్కడ దిగుతున్న బరువు ఏమిటి? దించేది ఎవరు? లాటిన్‌లో దీని మూలానికి అర్థమే మళ్లీ పైకెత్తడం, తేలిక చేయడం. మనం 'ప్రాణం తేలికపడింది' అంటామే, ఆ తేలికే.

చిక్కంతా వరద సాయం దగ్గరే. 2022 జులై వరదల్లో కుటుంబానికి ఇచ్చిన 25 కిలోల బియ్యం, 2,000 రూపాయలు 'సాయం'. పంట 33 శాతం, ఆపైన పోతే రైతుకి వచ్చేది 'పెట్టుబడి రాయితీ'. రెంటినీ 'పరిహారం' అని రాస్తే, పోయినదంతా కట్టిస్తారని రైతు అనుకుంటాడు. అది చాలా తప్పు. రిలీఫ్ క్యాంపుని పేపర్లు 'పునరావాస కేంద్రం' అంటాయి, జనమూ అదే అంటారు. కానీ పోలవరం ముంపు ఊళ్ల వాళ్లకి పునరావాసం అంటే శాశ్వతంగా ఇల్లు మారడం. అందుకని నాలుగు రోజులు తలదాచుకునే బడికి 'వరద శిబిరం' అని పెట్టాను.

కోర్టు కాగితాల్లో ఇంకో తేడా. 'హైకోర్టులో ఊరట' అనేది హెడ్డింగుకి బాగుంటుంది. దావాలో మాత్రం రిలీఫ్ అంటే వాది కోర్టుని ఇమ్మని అడిగే ఉత్తర్వు. ఊరట దొరికాక కలిగేది, రిలీఫ్ ముందే అడగాల్సింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7 ప్రకారం దాన్ని స్పష్టంగా రాయాలి కూడా. అక్కడ 'వాది కోరేది' అని రాస్తే చాలు.

గట్టు కాపలా పట్టీలో 'రిలీఫ్' అంటే బదులు మనిషి. గ్యాస్ పైపుల దగ్గర 'రిలీఫ్ వాల్వ్'ని అలాగే ఉంచి, ఒత్తిడి హద్దు దాటితే తెరుచుకుని వదిలేసేది అని పక్కన రాశాను. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి మంటలు చూసిన ప్రాంతం కదా, ఆ వివరణ వదిలేయకూడదు.

చివరి పేజీలో రిలీఫ్ మ్యాప్ ఉంది. ఇక్కడ శిబిరమూ కాదు, బియ్యమూ కాదు. నేల ఎత్తుపల్లాల పటం. డెల్టా అంతా ఒకే రంగులో, చాపలా పరిచినట్టు కనిపిస్తుంది. దాని కింద ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి వరద హెచ్చరిక మట్టాలు మూడూ, 11.75, 13.75, 17.75 అడుగులు, పెద్ద అక్షరాల్లో వేయించాను.