పాలు ఎన్ని తాగుతాడు?

ఏడాది నిండిన పిల్లలను చెకప్‌కు తీసుకొస్తే అమెరికాలో టీకాలతో పాటు వేలి నుంచి ఒక చుక్క రక్తం కూడా తీస్తారు, హిమోగ్లోబిన్ చూడటానికి. డాలస్ దగ్గర ఒక పిల్లల క్లినిక్‌లో ఆ చుక్క తీసే పని నాది. హన్మకొండలో డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చదివి, అక్కడే ఒక ల్యాబ్‌లో కొన్నాళ్లు చేసి, పెళ్లయ్యాక భర్త ఉద్యోగం మీద ఆధారపడే హెచ్4 వీసా మీద ఇక్కడికి వచ్చాను. పని చేసుకునే అనుమతి కార్డు చేతికి వచ్చేదాకా ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్న కాలం గురించి ఎప్పుడైనా విడిగా రాస్తాను. నా పాత సర్టిఫికెట్ ఇక్కడ చెల్లలేదు, మెడికల్ అసిస్టెంట్ కోర్సు మళ్లీ చేయాల్సి వచ్చింది. సూది పట్టుకోవడం మాత్రం హన్మకొండలో నేర్చుకున్నదే.

మా దగ్గరికి తెలుగువాళ్లు చాలామంది వస్తారు. "మీదే ఊరు?" అని అడిగితే వరంగల్, కరీంనగర్, జగిత్యాల అని వినపడుతూనే ఉంటుంది. తల్లిదండ్రుల వెంట విజిటర్ వీసా మీద వచ్చిన నాయనమ్మో అమ్మమ్మో ఉంటుంది. నేను దూది తడపగానే మొదట లేచేది ఆమె గొంతే. "పిలగాడు బొద్దుగనే ఉన్నడు గద బిడ్డా, గీ నెత్తురెందుకు తీస్తున్నవ్?" అని పరకాల వైపు పెద్దమ్మ ఒకామె నన్ను నిలదీసింది. అడగాల్సిన ప్రశ్నే. నిజానికి మాకు ఎక్కువ అనుమానం వచ్చేది అలా బొద్దుగా, తెల్లగా, పాలమీదే పెరిగిన పిల్లల మీదే. బరువు చార్టులో వాళ్లకు ఏ లోటూ కనపడదు.

చుక్క తీయడం చూడటానికి చిన్న పని. నడివేలో ఉంగరం వేలో పట్టుకుని, కొసకు కాస్త పక్కగా గుచ్చాలి. మొదటి చుక్క తుడిచేయాలి. పిల్లాడు గింజుకుంటున్నాడని వేలిని గట్టిగా పిండితే కండలోని నీరు కూడా కలిసి, ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. తర్వాతి చుక్కను క్యూవెట్ అనే చిన్న ప్లాస్టిక్ ముక్క తనే పీల్చుకుంటుంది, నిమిషంలోపు మిషన్ మీద అంకె పడుతుంది. డెసిలీటరుకు 11 గ్రాముల కంటే తక్కువుంటే మా డాక్టర్ లెక్కలో రక్తహీనత. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో రెండేళ్లలోపు పిల్లలకు ఆ హద్దును 10.5కు దించింది.

అంకె పడ్డాక నేను అడిగే ప్రశ్న ఒకటే, పాలు ఎన్ని తాగుతాడు? మిషన్ కన్నా ఈ ప్రశ్నే నాకు ఎక్కువ చెప్తుంది. ఆ రోజు పరకాల పెద్దమ్మ మనవడికి 9.8 వచ్చింది. తల్లి "మూడు బాటిల్స్ అక్కా" అంది. పెద్దమ్మ ఊరుకోలేదు. "మూడేంది? రాత్రి రెండు మర్చిపోయినవా? మావోడు పాలు ఒక్క చుక్క ఇడ్వడు" అని గొప్పగా చెప్పింది. అంటే ఎనిమిది ఔన్సుల బాటిళ్లు ఐదు, లీటరు దాటిపోయింది. ఈ వయసుకు రోజుకు 700 మిల్లీలీటర్లు మించొద్దని ఇక్కడి డాక్టర్లు చెప్తారు. తల్లి కడుపులో నుంచి తెచ్చుకున్న ఐరన్ ఆరో నెల నాటికి అడుగంటుతుంది. ఏడో నెల నుంచి ఏడాది దాకా రోజుకు 11 మిల్లీగ్రాములు, ఆ తర్వాత మూడేళ్ల దాకా 7 మిల్లీగ్రాములు తిండి నుంచే రావాలి. ఆవు పాలల్లో, బర్రె పాలల్లో ఐరన్ దాదాపు లేదు. పైగా కడుపు పాలతో నిండితే పప్పన్నం ముద్ద దగ్గర మూతి తిప్పుకుంటాడు. ఏడాదిలోపే ఆవు పాలు మొదలుపెడితే కొందరు పిల్లల పేగుల్లో కంటికి కనపడనంత రక్తం కూడా కారుతుంది.

ఇవన్నీ విని పెద్దమ్మ "అయితే బీట్‌రూట్ పెడదాం తియ్యి" అంది. బీట్‌రూట్, దానిమ్మ ఎర్రగా ఉంటాయని రక్తం పడుతుందనుకోవడం మన దగ్గర చాలా బలమైన నమ్మకం. వాటిలో ఐరన్ అంతంత మాత్రమే. మేక కార్జం, మెత్తగా ఉడికించిన కీమా అయితే ఒంటికి బాగా పడుతుంది. మాంసం తిననివాళ్లు పప్పులో, ఆకుకూరలో నిమ్మకాయ పిండి పెట్టాలి, పులుపులోని విటమిన్ సి ఐరన్‌ను లోపలికి లాగుతుంది. చాయ్‌లో బిస్కట్ ముంచి పెట్టడం మాత్రం ఆపేయాలి, చాయ్ ఐరన్‌ను అడ్డుకుంటుంది. పిల్లాడి కళ్లకు కాటుక దట్టంగా ఉంది, దాని గురించి కూడా అడిగాను. కొన్ని కాటుకల్లో సీసం (లెడ్) ఉంటుంది, ఐరన్ తక్కువున్న ఒళ్లు సీసాన్ని మరింత పీల్చుకుంటుంది. పెద్దమ్మకు అది అస్సలు నచ్చలేదు.

ఈ పరీక్ష మీద ఇక్కడి పెద్దలకే ఏకాభిప్రాయం లేదు. పిల్లల డాక్టర్ల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2010 నుంచి ఏడాదికి అందరికీ చేయమంటోంది. ప్రభుత్వానికి సలహా ఇచ్చే ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2015లో, లక్షణాలు లేని పిల్లలందరికీ చేస్తే లాభమని చెప్పడానికి ఆధారాలు చాలవంది. ల్యాబ్‌లో పనిచేసినదాన్నిగా రెండో మాట నాకు అర్థమవుతుంది. ముందు ఒంట్లో దాచుకున్న ఐరన్ ఖాళీ అవుతుంది, అది ఫెర్రిటిన్ పరీక్షలో తెలుస్తుంది. హిమోగ్లోబిన్ పడిపోయేది చివర్లో. అప్పటికే మెదడుకు లోటు తగిలి ఉండొచ్చు. పరిశోధకురాలు బెట్సీ లోజాఫ్ బృందం కోస్టారికాలో చేసి 1991లో ప్రచురించిన అధ్యయనంలో, పసితనంలో గట్టి రక్తహీనత ఉన్న పిల్లలు రక్తం సరైపోయాక కూడా ఐదేళ్ల వయసు పరీక్షల్లో తోటివాళ్లకన్నా వెనకబడ్డారు. అయినా చుక్క తీయడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ వంకతోనే పాల లెక్క బయటపడుతుంది. తక్కువ వస్తే డాక్టర్ బరువును బట్టి ఐరన్ చుక్కలు రాసి నెలకు మళ్లీ రమ్మంటారు. అప్పటికి ఒక గ్రాము పెరిగితే లోపం ఐరన్‌దే. మందు సరిగ్గా వేసినా పెరగకపోతే తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తపు లోపం తలసీమియా జన్యువు ఏమైనా ఉందేమో చూస్తారు, మనవాళ్లలో అది అరుదేం కాదు.

మా చెల్లె నర్సంపేట దగ్గర అంగన్‌వాడీ టీచర్. అక్కడి లెక్క పూర్తిగా వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉంది. అంతకుముందు సర్వేలో 61 ఉండేది. అంతమందికి ఉన్నప్పుడు ఎవరికి ఉందో వెతకడం కన్నా అందరికీ మందు ఇవ్వడమే నయం. అందుకే 2018లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం అనీమియా ముక్త్ భారత్‌లో ఆరు నెలలు నిండిన ప్రతి బిడ్డకూ వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు సిరప్ పెట్టారు, అందులో 20 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. నులిపురుగుల గోలీ వేరే. కాగితం మీద ఇంతకన్నా తెలివైన ఏర్పాటు నాకు కనపడదు. కానీ సీసాలు చాలా ఇళ్లల్లో దేవుడి పటాల పక్కన దుమ్ము పట్టి ఉంటాయని చెల్లె బాధ. ఒకసారి వేస్తారు, పిల్లాడికి దొడ్డికి నల్లగా వస్తుంది, నాయనమ్మ హడలిపోయి సీసా పైకెక్కిస్తుంది. పిల్లల చేతికి అందకుండా పైన పెట్టడం మంచిదే, ఎక్కువ తాగితే ఐరన్ విషం. మళ్లీ కిందికి దింపకపోవడమే గొడవ.

ఇలాంటి మిషన్ ఒకటి కొని పంపనా అని అడిగాను. "మిషనేం చేసుకోను అక్కా, మా సెంటర్ల ఎవరికి రక్తం తక్కువుందో చూడకుంటనే చెప్త. నువ్వు ఒకసారి వీడియో కాల్‌ల మా ముసలోళ్లకు నల్లగొస్తే భయం లేదని చెప్పు. అమెరికా నుంచి చెప్తే ఇంటరు" అంది.

శుక్రవారం రాత్రి పొద్దుపోయాక ఫోన్ చేశాను, వాళ్లకు శనివారం పొద్దున. సెంటర్‌లో చాప మీద అయిదారుగురు అవ్వలు, కోడళ్లు కూర్చున్నారు. ముందు జీతం ఎంతని అడిగారు, తర్వాత అక్కడ ఎండలు ఎట్లున్నాయని. నల్లగా రావడం గురించి చెప్తే తలలూపారు. వెనక నుంచి ఒక అవ్వ లేచి, "మరి మావోనికి నల్లగ రాకుంటే మందు పని చేస్తలేనట్టా?" అంది. కొందరికి రంగు మారదు, అయినా పని చేస్తుంది అవ్వా అని నేను చెప్తుంటే మా చెల్లె ఫోన్ తన వైపు తిప్పుకుంది. "నువ్వు ముందు సీసకు సీలు తియ్యి అవ్వా. మొన్న మీ ఇంట్ల చూస్తే అట్లనే ఉంది."