రోజంతా రెండు తీగలతోనే సరిపోయింది

ఇవాళ సెలవు. హాల్లో ఉన్న ఫోన్ వైరును, దాంతోపాటు మోడెమ్‌ను నేను పనిచేసుకునే గదిలోకి మార్చడం ఎంత, గంట పని అనుకున్నా. పొద్దున తొమ్మిదికి అలమర జరిపితే మళ్లీ దాన్ని గోడకు ఆనించేసరికి సాయంత్రం నాలుగున్నర.

అసలు గొడవ గది మార్చడం గురించి కూడా కాదు. వాన పడ్డప్పుడల్లా ల్యాండ్‌లైన్‌లో గరగర, అవతలివాళ్లు ఇసుక నములుతూ మాట్లాడుతున్నట్టు ఉంటుంది, నెట్ కూడా తెగుతూ ఉంటుంది. తప్పంతా బయటి లైనుదేనని ఇన్నేళ్లూ తిట్టుకుంటూ వచ్చా. అలమర వెనక చూస్తే ఒక జాయింటు, దాని చుట్టూ జిగురు కారిపోయిన ఎర్ర టేపు. విప్పితే లోపల రాగి తీగలకు పచ్చగా చిలుము పట్టి ఉంది. ఇది ఎవడి పని అని నోటిదాకా వచ్చింది గానీ ఆ ఎర్ర టేపును గుర్తుపట్టా. అలమర కొన్నప్పుడు వైరు అడ్డొస్తే కోసి, మెలిపెట్టి, నల్ల టేపు అయిపోయిందని చేతికందింది చుట్టేసిన మహానుభావుణ్ణి నేనే.

చిలుము పట్టిన చోట తీగకు తీగ సరిగా ఆనదు, పైగా గాలిలో తేమను బట్టి ఆ ఆనడం మారిపోతూ ఉంటుంది. ఆ మార్పే చెవికి గరగర. దానికి తోడు అక్కడినుంచే పాత గదిలోకి ఇంకో కొమ్మ వెళ్లింది, దాని చివర ఏమీ లేదు. మాటలకు దాంతో పెద్ద ఇబ్బంది లేదు, ఎందుకంటే ఫోన్లో గొంతు 3,400 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. కానీ అదే తీగ మీద వచ్చే ఏడీఎస్ఎల్ నెట్ 11 లక్షల హెర్ట్జ్ దాకా పోతుంది కదా, ఆ సిగ్నల్ ఖాళీ కొమ్మలోకి వెళ్లి చివర తగిలి వెనక్కి వచ్చి అసలు సిగ్నల్‌నే పాడు చేస్తుంది. ఆ కొమ్మను మొదట్లోనే కత్తిరించేశా.

నిచ్చెనెక్కి కొత్త వైరు చివరలు ఒలుస్తుంటే ఒకటికి రెండుసార్లు తీగ విరిగింది. అర మిల్లీమీటరు మందం ఉండే ఒంటి రాగి తీగ అది, బ్లేడు గాటు పడిన చోట నాలుగుసార్లు వంచితే చాలు, టప్పున పోతుంది. విరిగిన ప్రతిసారీ వైరు పొట్టి అవుతుంది కాబట్టి జానెడు ఎక్కువే వదిలి ఉంచుకోవాలి, నేను బెత్తెడు వదిలా. సరే, ఎలాగో లాగి పట్టుకుని రెండు చివరలూ వేళ్ల మధ్య ఉండగా జివ్వుమంది! మామూలుగా లైన్లో ఉండేది 48 వోల్టుల డీసీ, పొడి చేతికి పెద్దగా తెలియదు. బెల్లు మోగడానికి వచ్చేది మాత్రం దాదాపు 90 వోల్టుల ఏసీ. పనయ్యాక ఒకసారి మొబైల్ నుంచి రింగ్ ఇవ్వమని అమ్మకు చెప్పా, అయిపోయిందనుకుని ఇచ్చేసింది.

"మోగిందా నాన్నా?" అని వంటింట్లోంచి.

"మోగిందమ్మా, నాకే."

బయటి డబ్బా దగ్గర ఆ రెండు తీగలూ ముందే ఊడదీసుంటే సరిపోయేది. పైగా వైరును పళ్లతో ఒలిచే అలవాటొకటి ఉంది నాకు.

ఈసారి టేపు జోలికి పోలేదు. బొత్తాం సైజులో చిన్న కనెక్టర్లు ఉంటాయి, తీగలను ఒలవకుండానే అందులో దూర్చి ప్లయర్‌తో నొక్కితే లోపలి బ్లేడు పైతొడుగును చీల్చుకుని రాగిని పట్టుకుంటుంది, చుట్టూ ఉండే జెల్ తేమను రానివ్వదు. జంట తీగల మెలికను కూడా జాయింటు దాకా విప్పకుండా ఉంచా. బయటి రొద రెండు తీగలకూ సమానంగా తగిలి ఒకదానికొకటి కొట్టేసుకోవాలంటే ఆ మెలికే ఆధారం, 1881లోనే గ్రాహం బెల్ దానికి పేటెంటు తీసుకున్నాడు. కరెంటు వైరు అడ్డొచ్చిన చోట దాని పక్కనే పోనివ్వకుండా అడ్డంగా దాటించా.

అన్నీ అయ్యాక ఫోనెత్తితే చడీచప్పుడు లేదు. అమ్మ మళ్లీ చేస్తే ఎంగేజ్ వస్తోందంది. రెండు తీగలూ ఎక్కడో తగులుకుంటే ఎక్స్ఛేంజికి రిసీవర్ ఎత్తి పెట్టినట్టే లెక్క. వోల్టులు కొలిచే మల్టీమీటరు సున్నా చూపిస్తోంది. వైరును గోడకు పట్టించడానికి కొట్టిన క్లిప్పులు ఒక్కొక్కటే పీకుతూ పోతే ఏడోదాని దగ్గర 49 వోల్టులు అయింది, దాని మేకు వైరు మధ్యలోంచి దిగి ఉంది. అక్కడ కోసి ఇంకో రెండు కనెక్టర్లు వాడాల్సి వచ్చింది.

ఇప్పుడు గొంతు శుభ్రంగా వినిపిస్తోంది. అలమర తోసి నిచ్చెన మడుస్తూ పైకి చూస్తే వెంటిలేటర్ దగ్గర, బయటినుంచి లోపలికొచ్చే వైరు మీద, సన్నగా ఇంకో ఎర్ర టేపు ముక్క. చూడనట్టే నిచ్చెన లోపల పెట్టేశా.