ఇంగ్లిష్ పీరియడ్‌లో ఇంటర్నెట్, జాతి సమానత్వం: చర్చ నడిపే పద్ధతి

హైస్కూలు ఇంగ్లిష్ పాఠాల్లో ఇంటర్నెట్ వాడకం ఒక యూనిట్‌గా, జాతి సమానత్వం ఇంకో యూనిట్‌గా వస్తుంటాయి. మొదటిది "వరమా, శాపమా" వ్యాసంతో ముగుస్తుంది. రెండోది ఒక మహనీయుడి జీవితచరిత్ర, దాని కింద ఐదు ప్రశ్నలతో సరిపెట్టేస్తారు. ఈ రెండింటినీ కలిపి చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను. పద్నాలుగేళ్ల పిల్లలకి జాతి గురించిన మాటలు ఎక్కువగా ఫోన్‌లోనే తగులుతున్నాయి. 2021 జులై 11న యూరో ఫుట్‌బాల్ ఫైనల్‌లో పెనాల్టీలు తప్పిన ఇంగ్లండ్ నల్లజాతి ఆటగాళ్లు రాష్‌ఫోర్డ్, సాంచో, సాకాల ఇన్‌స్టాగ్రామ్ పేజీల కింద వచ్చిపడిన తిట్లు చదివినవాళ్లలో స్కూలు పిల్లలు లేరనుకోవడం అమాయకత్వం. ఒక మాట ఎవరన్నారో కనుక్కోవడం, దాని అర్థం తేల్చుకోవడం, దానికి జవాబు చెప్పడం భాష నేర్పే పనులు. అవి ఇంగ్లిష్ టీచర్ చేతిలోనే ఉన్నాయి.

కింద రాసినది 45 నిమిషాల పీరియడ్లు నాలుగు, 40 మంది పిల్లలు, ఒక బోర్డు, కొన్ని జిరాక్స్ కాగితాలు ఉన్నాయనుకుని. క్లాసులో నెట్ లేకపోయినా నడుస్తుంది. నిజానికి లేకపోతేనే మేలు, ఎందుకో తర్వాత చెబుతాను.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది చర్చకి ఏ ప్రశ్న పెట్టకూడదన్నది. "అన్ని జాతులూ సమానమేనా?" అని డిబేట్ పెట్టకండి. డిబేట్ అన్నాక రెండు పక్షాలుండాలి. అంటే సగం క్లాసు చేత "కాదు" అని వాదించమని మనమే చెప్పినట్టు. ఆ వాదన ఎవరి గురించో ఆ పిల్లలు అదే గదిలో కూర్చుని వినాలి. 1948 నాటి మానవ హక్కుల సార్వత్రిక ప్రకటన మొదటి రెండు అధికరణాల్లోనే చెప్పేసిన సంగతిని పిల్లల చేత ఓటుకి పెట్టించక్కర్లేదు. మనుషులు నిజంగా విభేదించే ప్రశ్నలు వేరే ఉన్నాయి. జాతిదూషణ చేసిన ఖాతాని శాశ్వతంగా మూసేయాలా, కొంతకాలం ఆపితే చాలా? కామెంట్ రాసేవాళ్లు అసలు పేరు పెట్టడం తప్పనిసరి చేయాలా? ఈ రెండోది చాలా మంచి ప్రశ్న. అసలు పేరుంటే తిట్టేవాడు జంకుతాడని కొందరంటారు, వివక్ష గురించి బయటపెట్టే మనిషికి కూడా ఆ పేరే ప్రమాదం తెస్తుందని ఇంకొందరంటారు. రెండువైపులా నిలబడి మాట్లాడొచ్చు, ఎవరి మనసూ గాయపడదు.

మొదటి పీరియడ్‌కి పెద్దగా హంగు అవసరం లేదు. మూడు రోజుల ముందే పిల్లలకి ఒక పట్టిక ఇవ్వండి. నాలుగు గడులు చాలు: ఎప్పుడు, ఎంతసేపు, దేనికోసం, ఆ విషయం తన దగ్గరికి ఎలా వచ్చింది. తానే వెతికిందా, ఎవరైనా పంపారా, యాప్ దానంతట అదే చూపించిందా? అసలు విషయం ఈ నాలుగో గడిలోనే ఉంది. చూసినవాటిలో తాము వెతుక్కున్నవెన్ని అని లెక్కవేసుకున్నాక "రోజుకి ఎన్ని గంటలు" అన్న పాత ఉపన్యాసం ఇక అవసరం ఉండదు. వ్యాకరణం కూడా ఇక్కడే దొరుకుతుంది. "ఐ స్పెండ్ వన్ అవర్ టు వాచ్" అని చాలామంది రాస్తారు, దాన్ని "వాచింగ్" చేయించడానికి ఇదే సందర్భం. ఇంట్లో ఫోన్ లేని పిల్లల సంగతి ముందే ఆలోచించండి. ఊహించి రాసిన పట్టికలు మూడు తయారుచేసి టేబుల్ మీద పెట్టి, "సొంతదైనా సరే, వీటిలో ఒకటైనా సరే" అనండి. ఎవరు ఏది తీసుకున్నారో అడగొద్దు, పైకి చదివించొద్దు.

రెండో పీరియడ్‌లో సమాచారం ఎవరిదో కనుక్కోవడం నేర్పాలి. దీనికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ మార్టిన్‌లూథర్‌కింగ్ డాట్ ఆర్గ్. 1999లో మొదలై చాలా ఏళ్లు నడిచిన ఈ సైట్ చూడ్డానికి అమెరికా నల్లజాతి హక్కుల నాయకుడు కింగ్ గురించి విద్యార్థులకి చెప్పే పేజీలా ఉండేది. స్కూల్లో పంచడానికి కరపత్రాలు కూడా పెట్టారు. నడిపింది స్టార్మ్‌ఫ్రంట్. నల్లజాతివాళ్ల మీద దాడులు చేసిన అమెరికా ముఠా కు క్లక్స్ క్లాన్ మాజీ నాయకుడు డాన్ బ్లాక్ స్థాపించిన శ్వేతజాతి ఆధిపత్యవాదుల వేదిక అది. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఆ పేరు ఉండేది, కానీ అక్కడిదాకా చదివేదెవరు?

ఈ పాఠానికి రెండు కాగితాలు కావాలి. మొదటిదాని మీద సైట్ చిరునామా, శీర్షిక, మెనూలో ఉండే పేర్లు, అడుగున ఉండే ఆ చిన్న వాక్యం మాత్రమే ఉండాలి. లోపలి రాతలు ఒక్క ముక్క కూడా వద్దు. ఇద్దరిద్దరు పిల్లలకి ఐదు నిమిషాలిచ్చి, హోంవర్క్‌కి ఈ పేజీ వాడతారా, ఎందుకు అని రాయమనండి. చివర ఆర్గ్ ఉంది కాబట్టి వాడతామని ఎక్కువమంది రాస్తారు. అప్పుడే సరిదిద్దకండి. రెండో కాగితంలో స్టార్మ్‌ఫ్రంట్ గురించి వేరేచోట ఉన్న నాలుగు వాక్యాలు, ఆర్గ్ చిరునామా ఎవరైనా కొనుక్కోవచ్చని చెప్పే ఒక వాక్యం ఉంటాయి. అది చదివాక మొదటి జవాబు కొట్టేయకుండా దాని కిందే రెండోది రాయించండి. "ఎట్ ఫస్ట్ వి థాట్... నౌ వి థింక్... బికాజ్..." అన్న మూడు ముక్కలు బోర్డు మీద ఉంటే వెనకబడిన పిల్లలు కూడా రాస్తారు.

పేజీలోనే తలదూర్చి చదవడం కంటే, పేజీ వదిలి వేరే ట్యాబ్‌లో "వీళ్లెవరు" అని వెతకడం మేలని 2017లో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు వైన్‌బర్గ్, మెక్‌గ్రూ చూపించారు. పీహెచ్‌డీ చేసిన చరిత్రకారులు 10 మంది, వృత్తిరీత్యా వార్తలు సరిచూసేవాళ్లు 10 మంది, డిగ్రీ విద్యార్థులు 25 మంది అందులో పాల్గొన్నారు. చరిత్రకారులు, విద్యార్థులు చాలాసార్లు పేజీ అందం, పేరు చూసి మోసపోయారు. సరిచూసేవాళ్లు పేజీని దాదాపు చదవకుండానే బయటికి వెళ్లి, తక్కువ సమయంలో సరైన జవాబుకొచ్చారు. ఇంగ్లిష్ టీచర్లకి ఇది కాస్త ఇబ్బందిగా ఉంటుంది, ఎందుకంటే జాగ్రత్తగా మొదటినుంచి చివరిదాకా చదవమనే మనం చెబుతాం. చదవాల్సిందే, కానీ ఎవరు రాశారో తెలిశాక.

ఈ పీరియడ్‌లో రెండు తప్పులు జరుగుతుంటాయి. ఒకటి, తెర మీద అందరి ముందూ అప్పటికప్పుడు వెతకడం. టైపు చేస్తుంటే వచ్చే సూచనలు, బొమ్మలు మన అదుపులో ఉండవు. ముందురోజు రాత్రి బాగున్న ఫలితాలు పొద్దున్నకి మారిపోవచ్చు. కాగితం మీద చేస్తే ఆ గొడవ లేదు. రెండోది ఇంకా పెద్దది. మోసపు సైట్ ఒక్కటే చూపిస్తే పిల్లలు "నెట్‌లో అంతా అబద్ధమే" అన్న నిర్ణయానికొస్తారు. ఏదీ నమ్మని మనిషికి ఏదైనా ఒకటే, వివక్ష జరిగిందన్న నిజమూ అబద్ధం కిందే జమ. అందుకే ఆ పేజీతోపాటు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల పేజీ వివరాలు కూడా ఇచ్చి, అదే పద్ధతిలో సరిచూసి "ఇది నమ్మొచ్చు" అని తేల్చే అనుభవం కూడా కలిగించాలి.

మూడో పీరియడ్‌కి క్లాడెట్ కోల్విన్ అనే నల్లజాతి అమ్మాయి గురించి 120 పదాల పాఠం సరిపోతుంది. 1955 మార్చి 2న అమెరికాలోని మాంట్‌గోమరీలో బస్సు సీటు శ్వేతజాతీయురాలికి ఇవ్వనన్నందుకు అరెస్టయినప్పుడు ఆమె వయసు 15. అదే పని చేసి ఎక్కువ పేరొచ్చిన రోజా పార్క్స్ అరెస్టు అదే ఏడాది డిసెంబరు 1న. బస్సుల్లో వేరు సీట్ల చట్టాన్ని కొట్టివేయించిన బ్రౌడర్ వర్సెస్ గేల్ కేసులో కోల్విన్ ఒక ఫిర్యాది. అమెరికా సుప్రీంకోర్టు 1956 నవంబరులో ఆ తీర్పుని ఖాయం చేసింది. తమ ఈడు అమ్మాయి కాబట్టి పిల్లలు ఈ పాఠం దగ్గర ఆగుతారు, ప్రశ్నలు అడుగుతారు.

ఇప్పుడు ప్యాసివ్ వాయిస్. "ఆమె చేత", "వాని చేత" అని మార్పించే యాంత్రికమైన అభ్యాసానికి ఇక్కడ ప్రాణం వస్తుంది. బోర్డు మీద "బ్లాక్ ప్యాసింజర్స్ వర్ నాట్ అలౌడ్ టు సిట్ ఇన్ ఫ్రంట్" అని రాసి, ఎవరు కూర్చోనివ్వలేదో ఈ వాక్యంలో వేలు పెట్టి చూపించమనండి. చూపించలేరు, చేసినవాళ్లు వాక్యంలోనే లేరు. అప్పుడు "హూ?" అని అడుగుతూ తిరగరాయించండి: డ్రైవర్లా, పోలీసులా, నగర చట్టమా? "ది లా డిడ్ నాట్ అలౌ..." అన్న వాక్యం రాగానే, ఇది కొందరు చెడ్డవాళ్ల పని మాత్రమే కాదు, రాసిపెట్టిన నియమం అని పిల్లలకే తెలుస్తుంది. అలాగని ప్యాసివ్ అంటేనే దాచిపెట్టడం అని నేర్పొద్దు. "కోల్విన్ వజ్ అరెస్టెడ్" అన్నప్పుడు మన చూపు ఆమె మీదే ఉండాలి, అక్కడ ప్యాసివ్ సరైన ఎంపిక. వార్తల శీర్షికలు నాలుగైదు ఇచ్చి, ఎక్కడ చేసినవాళ్లు మాయమయ్యారో, అది అవసరమా కాదా అని గీతలు గీయించండి.

చురుకైన క్లాసైతే అదే పీరియడ్ చివర 15 నిమిషాల్లో జాయ్ బువొలమ్విని, టిమ్నిట్ గెబ్రూల 2018 పరిశోధన చెప్పొచ్చు. రువాండా, సెనెగల్, దక్షిణాఫ్రికా, ఐస్‌లాండ్, ఫిన్‌లాండ్, స్వీడన్ పార్లమెంటు సభ్యుల ఫోటోలు 1,270 తీసుకుని, ముఖం చూసి ఆడా మగా చెప్పే మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లని వాళ్లు పరీక్షించారు. తెల్లని ఛాయ మగవాళ్ల విషయంలో తప్పులు 0.8 శాతం మించలేదు, నల్లని ఛాయ ఆడవాళ్ల విషయంలో 34.7 శాతం దాకా వెళ్లాయి. పిల్లలు వెంటనే "ద కంప్యూటర్ హేట్స్ బ్లాక్ పీపుల్" అంటారు. దాన్ని అలా వదిలేయకండి. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ని కొలవడానికి అప్పటిదాకా వాడిన ఫోటోల సముదాయాల్లోనే ఒకదానిలో 79.6 శాతం, ఇంకోదానిలో 86.2 శాతం తెల్లని ఛాయ ముఖాలే ఉన్నాయని చెప్పి, "బికాజ్"తో, "దేర్‌ఫోర్"తో కారణం రాయించండి. ద్వేషం లేకుండా కూడా అన్యాయం జరుగుతుందన్నది ఈ వయసుకి కొత్త ఆలోచన, ఇక్కడ అంకెలతో సహా దొరుకుతుంది.

ఇక నాలుగో పీరియడ్, అసలు చర్చ. మాట్లాడమనగానే మాట్లాడరు. అభిప్రాయం లేక కాదు, దాన్ని ఇంగ్లిష్‌లో మోసే వాక్యాలు చేతిలో లేక. ముందు 3 నిమిషాలు ఎవరికివారు నోట్‌బుక్‌లో రెండు వాక్యాలు రాసుకోవాలి. తర్వాత నలుగురేసి పది గ్రూపులుగా 12 నిమిషాలు. ఒకరు మొదలుపెడతారు, ఒకరు "వేర్ డిడ్ యు రీడ్ దట్?" అని ఆధారం అడుగుతారు, ఒకరు ముందు మాట్లాడినవాళ్ల మాటని "సో యు ఆర్ సేయింగ్..." అంటూ తిరిగి చెబుతారు, ఒకరు రాసుకుంటారు. 3 నిమిషాలకోసారి పాత్రలు మారాలి, లేకపోతే బాగా మాట్లాడే పిల్లవాడే మొత్తం నడిపేస్తాడు. తర్వాత 20 నిమిషాలు క్లాసంతా కలిసి. మిగిలిన పది మీవి: విన్న తప్పుల్లో మూడు, విన్న మంచి వాక్యాల్లో మూడు బోర్డు మీద, పేర్లు లేకుండా. మధ్యలో ఎవరి వ్యాకరణమూ దిద్దకండి. జాతి గురించి జంకుతూ మాట్లాడుతున్న పిల్లని "హి డోంట్ కాదు, డజంట్" అని ఆపితే మళ్లీ చెయ్యెత్తదు. మాతృభాషలోకి జారితే జారనివ్వండి, ఆ వాక్యాన్ని ఇంగ్లిష్‌లో పెట్టడానికి పక్కవాళ్ల సాయం అడగండి.

క్లాసులో మైనారిటీ జాతి పిల్లలు ఒకరో ఇద్దరో ఉంటే, "నీకెలా అనిపిస్తుంది?" అని వాళ్లవైపు తిరగడం మంచిమనసుతోనే చేసే పొరపాటు. వాళ్లు ఒక జాతికి ప్రతినిధులుగా స్కూలుకి రాలేదు. చెప్పాలనుకుంటే వాళ్లే చెబుతారు. దూషణ పదాలు పాఠంలో ఉన్నా పైకి చదవరని మొదటిరోజే చెప్పండి, మీరూ చదవకండి.

ఎవరైనా నొప్పించే మాట అంటే ఊరుకోవడం అన్నిటికంటే చెడ్డది. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే పిల్లలు అర్థం చేసుకుంటారు. చర్చ ఆపి, ఆ మాటలో తప్పేమిటో ఒక్క వాక్యంలో, గొంతు పెంచకుండా చెప్పండి: "ఆ వాక్యం ఒక గుంపులో అందరినీ ఒకేలా చూస్తోంది. 'సమ్'తోనో, ఆధారంతోనో మళ్లీ చెప్పగలవా?" తెలియక అన్న మాటైతే ఇది చాలు. తెలిసి అన్నదైతే తిరిగి చెప్పించకండి, అక్కడితో కట్ చేసి ముందుకెళ్లండి. రెండు సందర్భాల్లోనూ అన్నవాళ్లతో, గాయపడినవాళ్లతో పీరియడ్ అయ్యాక విడివిడిగా మాట్లాడాలి, గాయపడినవాళ్లతో ముందు. గొడవ సాయంత్రం క్లాసు వాట్సాప్ గ్రూపులోకి పాకే అవకాశముంది కాబట్టి ఆ మాట కూడా అప్పుడే ఎత్తండి.

మార్కులు అభిప్రాయానికి వేయొద్దు. పదిలో నాలుగు ఆధారానికి, నాలుగు ఎదుటివాళ్ల మాటకి స్పందించినందుకు, రెండు భాషకి వేస్తే పిల్లలు మిమ్మల్ని మెప్పించే మాటలు మానేసి ఆలోచిస్తారు.

రాతపనికి వ్యాసం బదులు ఫిర్యాదు రాయించండి. మీరు ఊహించి తయారుచేసిన ఒక కామెంట్ ఇచ్చి, యాప్ నిర్వాహకులకి 80 పదాల్లో రిపోర్ట్. ఎక్కడ, ఏ తేదీన, ఏ ఖాతా, ఏ నియమాన్ని మీరింది, ఏం చేయాలని అడుగుతున్నాం అన్నవన్నీ ఉండాలి, దూషణ పదం మాత్రం తిరిగి రాయకూడదు. మొదటి ప్రతిలో "దిస్ ఈజ్ వెరీ బ్యాడ్, ప్లీజ్ టేక్ యాక్షన్" అనే వస్తుంది. అందులో చదివేవాడికి పనికొచ్చే సమాచారం ఒక్కటీ లేదని చూపించి, వాళ్ల ముందున్న కామెంట్ నుంచే వివరాలు ఏరించి రెండో ప్రతి రాయించండి. మార్కులు ఆ రెండో ప్రతికే.