ద్రాస్‌లో అరగంట ఏం సరిపోతుంది?

శ్రీనగర్‌లో కార్గిల్‌కి షేర్ ట్యాక్సీ మాట్లాడుకున్నప్పుడే ద్రాస్‌లో కార్గిల్ వార్ మెమోరియల్ దగ్గర ఆపాలని గట్టిగా చెప్పాం, సీటుకి వాళ్ళడిగినంతా ఇచ్చాం కూడా. తీరా జోజిలా కనుమలో ట్రక్కుల వెనక ఇరుక్కుపోయేసరికి డ్రైవర్ "అరగంటే సార్, చీకటి పడితే కష్టం" అన్నాడు. ఒళ్ళు మండింది. సోన్‌మార్గ్‌లో టీలకీ ఫొటోలకీ మాత్రం బోలెడు టైం దొరికింది మరి!

లోపలికెళ్తే ఎదురుగా తోలోలింగ్ కొండ. ఎక్కడో సరిహద్దు దగ్గర దూరంగా ఉంటుందనుకున్నా, కానీ రోడ్డు నెత్తి మీదే ఉంది. పైన కూర్చున్నోడికి కింద పోయే ప్రతి బండీ కనబడుతుంది, 1999లో దానికోసం అంతమంది ఎందుకు ప్రాణాలిచ్చారో అక్కడ నిలబడితే తెలిసిపోతుంది.

గ్యాలరీలో కెప్టెన్ విజయంత్ థాపర్ ఆఖరి ఉత్తరం దగ్గర ఆగిపోయాను. 22 ఏళ్ళు. 2 రాజ్‌పుతానా రైఫిల్స్ బెటాలియన్, 1998 డిసెంబర్‌లో ఆఫీసర్‌గా చేరాడు, అంటే సర్వీసు ఆర్నెల్లే. తోలోలింగ్ గెలిచి, జూన్ 28 రాత్రి నోల్ అనే శిఖరం మీదకి ఎక్కారు, పున్నమి వెన్నెల, దాక్కుందామంటే చెట్టూ చేమా ఏమీ లేని కొండ, అక్కడే తూటా తగిలి పోయాడు. తర్వాత వీర చక్ర ఇచ్చారు. ఆ ఉత్తరంలో ఏడుపు లేదండీ. మీకిది చేరేసరికి నేను పైన అప్సరసల ఆతిథ్యంలో ఉంటానని రాశాడు, వీలైతే మేం పోరాడిన చోటు వచ్చి చూడండన్నాడు, అనాథాశ్రమానికి కొంత డబ్బివ్వమన్నాడు, కుప్వారాలో తండ్రి హత్య కళ్ళారా చూసి మాట పడిపోయిన ఓ చిన్నపాపకి నెలనెలా 50 రూపాయలు ఇస్తూనే ఉండమన్నాడు. తెల్లారితే ఉంటామో లేదో తెలీనప్పుడు ఆ 50 రూపాయలు గుర్తుపెట్టుకున్నాడు చూడండి, నాకక్కడ గొంతు పట్టేసింది.

ఆ రాత్రి అతని కంపెనీ కమాండర్ మన హైదరాబాద్ మేజర్ పద్మపాణి ఆచార్యే, ఆయనా తిరిగి రాలేదు, మహావీర చక్ర వచ్చింది. కడుపుతో ఉన్న భార్యకి రోజూ భారతంలో ఓ కథ చెప్పమని తండ్రికి రాశాడాయన. ఊళ్ళో ఈ పేరు చెప్తే ఎంతమందికి తెలుసో అనుకుంటే బాధేసింది.

కొడుకు అడిగాడని థాపర్ వాళ్ళ నాన్న కల్నల్ గారు ఏళ్ళ తరబడి ద్రాస్ వస్తూనే ఉన్నారు. మేమేమో గోడ మీద పేర్లు సగం కూడా చదవకుండానే హారన్ మోతకి పరుగెత్తాం. వెళ్ళేవాళ్ళు బండి మాట్లాడేటప్పుడే ఇక్కడ రెండు గంటలని ఒప్పించుకోండి, వీలైతే రాత్రికి ద్రాస్‌లోనే రూం తీసుకోండి.